ఒలకబోత సవరమ్మ

ఏన్కూరు దాటి రోడ్డు అడవిలోకి తిరిగే చోట ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఒకటుంది. అక్కడికి పోయి సవరమ్మ ఎవరని అడిగితే చప్పున ఎవరికీ తట్టదు. ఒలకబోత సవరమ్మ అంటే మాత్రం గేటు దగ్గరి వాచ్‌మన్ నుంచి అయిదో తరగతి పిల్ల దాకా నవ్వుతూ చెయ్యి చూపించేవాళ్లు. "అదిగో, బకెట్ పట్టుకొని పోతలేదా, ఆమెనే. జర దూరం నిలబడుండ్రి, మీ మీద గూడ పోస్తది."

ఆమె అక్కడ కామాటి. ఊడ్చేది, కడిగేది, అన్నం డేక్సాలు మోసేది, పిల్లకు జ్వరమొస్తే తల ఒళ్లో పెట్టుకునేది. కాగితం మీద మాత్రం "ఇతరులు" అనే గడిలో ఉండేది.

నిద్రలేపే గంట కొట్టకముందే ఆమె పని మొదలయ్యేది. పిల్లలు పడుకునే హాలు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. నేల మీద వరసగా జంపఖానాలు, వాటి మీద దుప్పట్లు, దుప్పట్ల కింద ముడుచుకున్న పిల్లలు. గుమ్మం నుంచి తడిగుడ్డతో తుడుచుకుంటూ వచ్చి వచ్చి, ఎక్కడో ఒకచోట బకెట్ బోర్లా కొట్టించేది. నీళ్లు జంపఖానాల కిందికి పరుగెత్తేవి. పిల్లలు కెవ్వుమని లేచేవాళ్లు. ఆ గోలకు వార్డెన్ సుబ్బరత్నం మేడమ్ కొప్పు ముడేసుకుంటూ వచ్చేది. ఆవిడది మధిర వైపు. కోపంలో కూడా మాట సాగదీసి మాట్లాడుతుంది.

"ఏంటి సవరమ్మా, మళ్లీనా?"

"చెయ్యి జారిందమ్మా."

"ఇంటి దగ్గర్నుంచి చేతులకి వెన్న రాసుకొని వస్తావా ఏంటి?"

"వెన్న యాడిదమ్మా, కూరలకే నూనె చాలకపాయె."

పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. తడిసిన దుప్పట్లన్నీ మూటగట్టుకొని సవరమ్మ పంపు దగ్గరికి పోయేది. పగలంతా ఆ దుప్పట్లు తీగ మీద ఎండేవి.

నిజానికి ఆమె చెయ్యి ఒక్కనాడూ జారలేదు. ఆ సంగతి సవరమ్మకు తెలుసు, తడిసిన పక్కలో కళ్లు బిగించి నిద్ర నటించే పిల్లకు తెలుసు.

ఇల్లు విడిచి కొత్తగా హాస్టలుకొచ్చిన పిల్లల్లో ఏటా ఒకరో ఇద్దరో నిద్రలో పక్క తడిపేవాళ్లు. సవరమ్మ తుడుచుకుంటూ వచ్చి, ఎవరి పక్క తడిసిందో చూసుకొని, దానికి అటూ ఇటూ ఉన్న పక్కలు కూడా తడిసేట్టు బకెట్‌ను మోకాలితో పొడిచేది. తడిసిన దుప్పట్లలో ఏది ఎందుకు తడిసిందో ఇక దేవుడొక్కడే చెప్పాలి. ఆయన చెప్పడని ఆమె నమ్మకం. ఆ పిల్లతో దీని గురించి ఒక్క మాట కూడా అనేది కాదు. ఆ పిల్లా అనేది కాదు. కొన్నాళ్లకు అలవాటు దానంతటదే పోయేది. పోయిన గుర్తేమిటంటే, ఆ పిల్ల కూడా మిగతావాళ్లతో చేరి "ఒలకబోత ఆయమ్మ" అని నవ్వడం మొదలుపెట్టేది. ఆ నవ్వు వినబడ్డ రోజు సవరమ్మకు ఆదివారం చర్చిలో పాట ఒక మెట్టు పైనుంచి వచ్చేది.

ఈ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. కల్లూరు దగ్గరి పల్లెలో పుట్టి, చిన్నతనంలో ఒక బోర్డింగు స్కూల్లో అయిదో తరగతి దాకా చదివింది. అక్కడ పక్క తడిపిన పిల్ల ఆ తడిచాపను నెత్తిన పెట్టుకొని, ప్రార్థనకు నిలబడ్డ వరసల మధ్యగా నడవాలి. అది రివాజు. సవరమ్మ చాలాసార్లు నడిచింది. ఒక సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ పోనంది. ఎందుకని ఎంత అడిగినా చెప్పలేదు. తల్లి రెండు దెబ్బలేసి పత్తి చేనుకు తోలుకుపోయింది. చదువు అక్కడితో సరి. కట్టుకున్న సంసోనుకు కూడా ఆ చాప సంగతి ఆమె ఏనాడూ చెప్పలేదు.

ఇక రూప్లి.

రూప్లిది అడవంచున ఉన్న తండా. కబడ్డీ కూతకు పోతే అవతలి జట్టు సగం ముందే వెనక్కి జరిగేది. అంత ధైర్యం, అంత నోరు. కానీ అయిదో తరగతిలో మొదలైన అలవాటు ఏడో తరగతికి వచ్చినా ఆ పిల్లను వదల్లేదు. ఇంట్లో ఉంటే రాదు, హాస్టల్లో పడుకుంటేనే వస్తుంది. మిగతా పిల్లలు మానుకున్నాక నవ్వేవాళ్లు. రూప్లి మానకముందే అందరికంటే గట్టిగా నవ్వేది.

"ఆయమ్మా, నీది చెయ్యా, చెరువు తూమా?" అనేది కంచం కడుక్కుంటూ.

"తూమే బిడ్డా. మీ తండా చెరువుకు పెట్టుకపో."

"వద్దొద్దు. ఉన్న నీళ్లన్నీ పోతయ్!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. వాళ్లిద్దరి మధ్య ఉన్నదాని మీద ఆ నవ్వు మూతలా ఉండేది.

ఆ ఏడు వానలు మొదలయ్యాక పట్నం నుంచి ఒక సంస్థవాళ్లు వచ్చారు. "పిల్లల క్షేమం, సిబ్బంది క్షేమం" అని గేటుకు బ్యానరు కట్టారు. హాలు నిండా ఇనుప మంచాలు వేయించి, వాటి మీద మెత్తని ఫోమ్ పరుపులు పరిచారు. బియ్యం బస్తాలుండే గదిని ఖాళీ చేసి, పసుపురంగు వేసి, గోడలమీద నవ్వు మొహాలు గీసి, చిరునవ్వు గది అని పేరు పెట్టారు. అందులో కూర్చొని పిల్లల కష్టసుఖాలు వినడానికి ఖమ్మం నుంచి భార్గవి అనే టీచరమ్మ వచ్చింది. వయసులో చిన్నది, మాట మెత్తన. పిల్లలు ఆమెకు చిరునవ్వు మేడమ్ అని పేరు పెట్టారు.

సిబ్బంది క్షేమం కోసం ఒక రోజు భోజనాల హాల్లో శిక్షణ జరిగింది. ఒత్తిడి తగ్గించుకోవడం ఎట్లాగో నేర్పడానికి వచ్చినాయన అందరినీ కళ్లు మూసుకొమ్మన్నాడు. కామాటీలూ వంటమనుషులూ కూడా రావాలని పైనుంచి ఆర్డరు; వాళ్లూ వచ్చారు, టీ ట్రేలు పట్టుకొని. "గాలి నిండుగా పీల్చండి. మీకు ఇష్టమైన చోట కూర్చున్నారనుకోండి" అని ఆయన అన్నాడు. తెల్లారకముందు లేచిన సవరమ్మ ట్రే పట్టుకొని గోడకు ఆనుకున్నది ఆనుకున్నట్టే కునికింది.

"సవరమ్మా," అంది సుబ్బరత్నం మేడమ్ మెల్లగా, "నువ్వు కళ్లు తెరువు. టీ చల్లారుతుంది."

మంచాలొచ్చినందుకు పిల్లలు గంతులేశారు. సవరమ్మ మాత్రం ఆ మంచాల ఎత్తు చూసింది. బకెట్ ఎంత బోర్లా పడ్డా నీళ్లు నేలమీదే ఉంటాయి. పరుపుకు మోకాలెత్తు కింద ఉంటాయి. రెండు మూడు వారాలు ఏదో ఒకటి చేసింది. గంట కొట్టకముందే రూప్లిని తట్టి లేపి, పరుపు తిరగేసి, దుప్పటి మార్చింది. అది కుదరని పొద్దుల్లో చెంబుతో నీళ్లు తెచ్చి పక్కపక్కనున్న రెండు మంచాల మీద చల్లి, కిటికీ కడుగుతుంటే పడ్డాయంది.

ఒక పొద్దున ఆ చెంబు చేతిలో ఉండగానే సుబ్బరత్నం మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది. పరుపులు శుభ్రంగా ఉన్నాయని రోజూ ఫొటో తీసి పై ఆఫీసరు గ్రూపులో పెట్టాలి. దానికోసం ఫోను పట్టుకొని వచ్చింది.

"బకెట్ కింద ఉంది. మంచం పైనుంది. నీళ్లు మంచమెక్కుతాయా సవరమ్మా?"

"కిటికీ కడుగుతాంటే చెయ్యి జా..."

"కిటికీ ఆ గోడకుంది. పరుపు ఈ గోడకుంది. నా కళ్లతో చూశాను, చేత్తో చిలకరిస్తున్నావు. పగబట్టావా పరుపుల మీద?" ఆవిడ చేతిలోని ఫోను చూపించింది. "ఒక్క పరుపు పాడైతే నన్ను నిలబెట్టి అడుగుతారు. నేనూ ఒకరి కింద పనిచేసేదాన్నే కదే! ఇన్నేళ్లు చెయ్యి జారిందంటే నమ్మాను. ఇంక నా వల్ల కాదు. రేపట్నించి రావద్దు. ఇంకో మనిషిని పంపమని కాంట్రాక్టరుకి చెప్పేస్తాను."

పక్క మంచం మీద రూప్లి దుప్పటి నెత్తిదాకా లాక్కొని పడుకొని ఉంది. దుప్పటి కదలడం లేదు. సవరమ్మ ఆ దుప్పటి వైపు చూడకుండా బకెట్ తీసుకొని బయటికొచ్చింది.

సంసోను సెంట్రింగు పని మానేసి రెండేళ్లవుతోంది, నడుము వంగదు. ఇంటికి ఉన్న ఆధారం ఈ బకెట్టే. వంటగది వెనక పంపు గట్టు మీద ఆమె ఎంతసేపు కూర్చుందో, చిరునవ్వు మేడమ్ వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా తెలియలేదు.

"లోపలికి రండి. ఇట్ల కూర్చోండి, కుర్చీలో. పర్వాలేదు, కూర్చోండి. చెప్పండి, ఎట్ల ఉన్నరు సవరమ్మగారూ?"

కుర్చీ వేసి కూర్చోబెట్టినందుకు కాదు, "ఎట్ల ఉన్నరు" అన్నందుకు కూడా కాదు. ఆ "గారు" ఆమెను పడగొట్టింది. ఆమె పేరు చివర ఆ మాట ఎప్పుడూ ఎవరూ పెట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. బకెట్ సంగతి, పక్కల సంగతి, ఆఖరికి రూప్లి పేరు కూడా. చాప సంగతి ఒక్కటి చెప్పలేదు.

"అయ్యో, ఇంత మంచి పని చేసుకుంట తిట్లు తిన్నరా ఇన్నేళ్లు?" అంది భార్గవి. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "ఈ మాట ఈ గది దాటదు. నాది హామీ."

ఆ మధ్యాహ్నమే దాటింది. సవరమ్మ కోసమే దాటింది. ఆమె పని ఊడకుండా ఉండాలంటే వార్డెనుకు అసలు సంగతి చెప్పక తప్పదని భార్గవికి అనిపించింది. చెప్పింది. సుబ్బరత్నం మేడమ్ కూడా కరిగిపోయింది. "ముందే చెప్పొచ్చు కదే పిచ్చిదానా! నేనేమన్నా రాయినా?" అని, తన ఫ్లాస్కులో టీ పోసిచ్చింది. సవరమ్మ ఆ టీ తాగింది. పని నిలబడిందన్న సంతోషంలో అది ఎంత తియ్యగా ఉందో, ఆ తీపి తర్వాత చాన్నాళ్లు ఆమె నాలుకను వదల్లేదు.

సాయంత్రానికి రూప్లి మంచం వరసలోంచి తీసి గుమ్మం పక్కన వేశారు, లేచిపోవడానికి వీలుగా ఉంటుందని. దాని మీద ఏన్కూరు నుంచి తెప్పించిన రబ్బరు షీటు పరిచారు, దవాఖానాలో పరిచేలాంటిది, ఎర్రది. పిల్ల అటు కదిలినా ఇటు కదిలినా కిర్రుమంటుంది. పెద్ద దవాఖానాకు తీసుకపోయి చూపిద్దామని భార్గవి అన్నది నిజమే. దానికి పైనుంచి అనుమతి రావాలి, వెంట మనిషి కావాలి, బండి కావాలి. రబ్బరు షీటుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మర్నాడు ప్రార్థనలో భార్గవి పేరు చెప్పకుండా మాట్లాడింది. నిద్రలో పక్క తడపడం జబ్బు కాదని, తప్పు కాదని, అలాంటివాళ్లను చూసి ఎవరూ నవ్వకూడదని. వరసలన్నీ మెల్లగా తలలు తిప్పి, ఎర్ర షీటు మంచం ఎవరిదో గుర్తు చేసుకున్నాయి.

పిల్లలు భద్రాచలం దగ్గరి గోదారిని చూసిన పిల్లలు. వరదొస్తే అక్కడ ఏ మట్టానికి ఏ హెచ్చరిక ఎగరేస్తారో వాళ్లకు నోటికొచ్చు. రూప్లి హాల్లోకి అడుగుపెడితే చాలు, ఏదో మూల నుంచి ఒక గొంతు లేచేది.

"మొదటి ప్రమాద హెచ్చరిక!"

"ఏయ్, రెండోది ఎగరేసిన్రు! లోతట్టు మంచాలోళ్లు ఖాళీ చేయుండ్రి!"

హాలంతా ఒకటే నవ్వు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఒకప్పుడు సవరమ్మ బకెట్ చాటున బయటపడ్డవాళ్లే.

మూడో రోజో నాలుగో రోజో రూప్లి పంపు దగ్గర సవరమ్మను పట్టుకుంది.

"నువ్వే చెప్పినవ్ గద?"

"బిడ్డా, నీ మంచికే..."

"నేను ఎన్నడన్న అడిగిన్నా నిన్ను? నీళ్లు పొయ్యమని అడిగిన్నా? ఒక్కనాడన్న?"

"లేదు బిడ్డా."

"మరి ఎందుకు చెప్పినవ్?"

నౌకరీ పోతదని చెప్పిన, అన్నదే నిజం. పన్నెండేళ్ల పిల్లకు ఆ మాట ఎట్లా చెప్పాలి? చెబితే ఆ పిల్ల అర్థం చేసుకుంటుందేమోనని కూడా భయమేసింది. రూప్లి పంపు కట్టేసి పోయింది. ఆ తర్వాత ఆయమ్మా అని పిలవలేదు.

నీళ్లు తాగితేనే కదా అని, రూప్లి నీళ్లు మానేసింది. మధ్యాహ్నం దాటిందంటే గ్లాసు ముట్టదు. పెదవులు పగిలాయి. కబడ్డీలో కూత సగంలో తెగేది. ఒక పొద్దున ప్రార్థనలో నిలబడ్డ పిల్ల నిలబడ్డట్టే కూలింది. అంతకుముందు క్షేమ కార్యక్రమాలు జరగని రోజుల్లో ఆ పిల్ల ఒక్కసారీ పడిపోలేదు. క్రిస్మస్‌కు ముందు తల్లి మంగ్తి చూడటానికి వచ్చింది. నాలుగు రోజులు ఇంటికి తీసుకపోతానంటే పంపారు. రూప్లి సంచీతో పాటు పెట్టె కూడా నెత్తిన పెట్టుకుంది. నాలుగు రోజులకు పెట్టె ఎందుకని ఎవరూ అడగలేదు. గేటు ఊడుస్తున్న సవరమ్మ ఒక్కతే ఆ పెట్టెను చూసింది. చూసి, చీపురు ఆపి నిలబడింది. చాన్నాళ్ల కిందట ఇట్లాంటి పెట్టెతోనే ఆమె కూడా నడిచింది.

రూప్లి తిరిగి రాలేదు. వార్డెను ఫోను చేస్తే తల్లి, "పోనంటది మేడమ్, కొట్టినా పోనంటది" అంది. కొన్ని రోజులకు ఎర్ర రబ్బరు షీటు మడిచి అల్మారాలో పెట్టారు.

జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేశాక సభ జరిగింది. భార్గవి క్షేమ కార్యక్రమాల నివేదిక చదివింది. పిల్లల సమస్యలను మొదట్లోనే గుర్తించడంలో సహాయక సిబ్బంది చూపిన చొరవ గురించి చెబుతూ సవరమ్మ పేరు చదివింది, "గారు" చేర్చి. చప్పట్లు కొట్టారు. వచ్చిన పెద్దమనిషి శాలువా కప్పాడు. ఫొటో కోసం రెండోసారి కప్పాడు. స్టేజీ దిగుతుంటే సుబ్బరత్నం మేడమ్ ప్రేమగానే అంది:

"ఇప్పుడన్నా ఒలకబోయకే తల్లీ!"

అందరూ నవ్వారు. వెనక వరసలో ఒక చిన్నపిల్ల నవ్వలేదు. కొత్తగా వచ్చిన అయిదో తరగతి పిల్ల. కొన్నాళ్లుగా ఆ పిల్ల తన దుప్పటి తానే తెల్లారకముందు ఉతుక్కుంటోంది. సవరమ్మ దగ్గరికి పోతే తడి దుప్పటిని కడుపుకు అదుముకొని గోడవైపు తిరుగుతోంది.

ఇంటికి పోయాక శాలువా చూసి సంసోను, "చలి పోయినంక కప్పిన్రు, మంచోళ్లు" అన్నాడు. సవరమ్మ దాన్ని మడిచి గూట్లోకి తోసింది.

తర్వాతి ఆదివారం చర్చికని బయలుదేరి, తండాకు పోయే ఆటో ఎక్కింది.

మిరప చేలు ఎర్రగా కాసి ఉన్నాయి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, గాలిలో ఘాటు. మంగ్తి, రూప్లి పక్కపక్క సాళ్లలో కాయ ఏరుతున్నారు. సవరమ్మను చూసి రూప్లి తల ఎత్తింది, దించింది, చేతులు మాత్రం ఆపలేదు. వేళ్ల చివర్లు కాయ మంటకు ఉబ్బి ఉన్నాయి.

"రా అక్కా, గట్టు మీద కూసో," అంది మంగ్తి వస్తూ. "నువ్వన్న చెప్పు. ఏమైంది బడిల? మంచం ఇచ్చిన్రు, పరుపు ఇచ్చిన్రు అన్నరు. మా తండాల ఎవ్వలకు లేదు పరుపు. గీ పిల్ల ఎందుకొచ్చింది? అడిగితే పల్లు కొరుకుతది, చెప్పది."

అంటే రూప్లి తల్లికి కూడా చెప్పలేదు. ఇప్పుడు తను చెప్పేస్తే, మంగ్తి నాలుగు తిట్టి, ఇది కూడా ఒక కారణమా అని పిల్లను చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి బడిలో దింపుతుంది. సవరమ్మ వచ్చింది అందుకే. దారి పొడుగునా ఆ మాటను కూర్చుకుంటూ వచ్చింది. మిరప చెట్ల మధ్య రూప్లి చేతులు ఆగిపోయాయి. వీపు బిగుసుకుంది. దుప్పటి కింద కదలకుండా పడుకున్న పొద్దున ఎట్లా ఉందో అట్లా.

"నా వల్లనే వచ్చింది చెల్లే," అంది సవరమ్మ. "నాకు చెయ్యి జారే రోగముంది. పొద్దున్నే తుడుస్త చూడు, ఎప్పటికి దీని పక్క మీదనే నీళ్లు ఒలకబోసేదాన్ని. తడిపక్కల ఎన్నాళ్లు పంటది? ఇసిగిపోయింది పిల్ల."

మంగ్తి నమ్మలేనట్టు చూసింది. తర్వాత నమ్మింది.

"పెద్దదానివి, నీకు బుద్ధుండాలె గదా! గా నీళ్ల కోసం నా బిడ్డ చదువు పోవాల్నా? ఏడు చదివింది. మా ఇంటల అంత చదివినోళ్లు లేరు. ఏ మొకం పెట్టుకొని వచ్చినవ్?"

"అవ్ చెల్లే."

"అవ్ అంటే అయిపోతదా?"

మంగ్తి కాసేపు ఎగపోసి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండలో ఇంత దూరం వచ్చిన మనిషి. ఎంత కోపమున్నా ఒక రివాజుంటుంది.

"రూప్లీ, నీళ్లియ్యి ఆమెకు."

రూప్లి లేచింది. గట్టు మీది బిందెలోంచి చెంబు నిండా ముంచుకొని వచ్చింది. సవరమ్మ రెండు చేతులూ చాచింది. చెంబు ఆ చేతుల దాకా రాలేదు. రూప్లి ఆమె కళ్లలోకి చూస్తూ, తొందర లేకుండా చెంబు వంచింది. నీళ్లు సవరమ్మ కాళ్ల ముందు పడ్డాయి. నల్లరేగడి ఒక్క గుక్కలో తాగేసింది.

"చెయ్యి జారింది," అంది రూప్లి.

"ఏందే గది!" మంగ్తి చెయ్యెత్తింది. "మనిషికి నీళ్లిచ్చే తీరేనా? మళ్ల తేపో!"

రూప్లి చెంబు గట్టు మీద బోర్లించి సాలులోకి పోయింది.

"కొట్టకు చెల్లే," అని సవరమ్మ లేచి చీర దులుపుకుంది. "చిన్నపిల్ల. జారుతది."

నోరు పిడచకట్టుకొని ఉంది. రోడ్డు దాకా నడవాలి. ఆమె నడిచింది.